బలపం బాబిన్

ప్రభుదాసు సారుది నంద్యాలలో పేరున్న గొంతు. ఆయన ఎనిమిదో తరగతికి ఆర్కిమెడీసు సూత్రం చెబుతుంటే రోడ్డుకు అవతల సైకిలు షాపులో పంచర్లు వేసేవాళ్ళకు కూడా సైన్సు వచ్చేసేది. ఆదివారం చర్చిలో ఆయన పాట ఎత్తుకున్నాడంటే హార్మోనియం వాయించే పెద్దాయన చేతులు ముడుచుకుని కూర్చునేవాడు, వాయించినా ఎలాగూ వినపడదని. అంత గొంతుకూ ఒకే ఒక్కచోట తలవంపులు. సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ముందుగదిలో సొంతంగా కట్టుకున్న హ్యామ్ రేడియోలోంచి బయటికి పోయేసరికి అది జ్వరమొచ్చిన పిల్లవాడి గొంతు అయిపోయేది.

హ్యామ్ రేడియో అంటే పాటలొచ్చే రేడియో కాదు. లైసెన్సున్న మనిషి ఒక ఊళ్ళోంచి మాట్లాడితే లైసెన్సున్న ఇంకో మనిషి ఇంకో ఊళ్ళోంచి బదులు చెబుతాడు. ఏం మాట్లాడుకుంటారయ్యా అంటే, ముక్కాలు మువ్వీసం ఒకటే మాట. నేను నీకు ఎంత బాగా వినపడుతున్నాను, నువ్వు నాకు ఎంత బాగా వినపడుతున్నావు. ఆ మాట దగ్గరే ప్రభుదాసు సారుకు పరువు పోయేది. గుంతకల్లులో సుందరరాజు అని, రైల్వేలో తంతి పని చేసి రిటైరైన పెద్దాయన ఒక్కడే చెవులు రిక్కించి విని, "ఉండావప్పా, ఉండావు. యాడో బాయిలో ఉండి మాట్లాడినట్టుండాది" అని ధైర్యం చెప్పేవాడు.

సారు భార్య సలోమికి ఇదంతా తమాషాగానే ఉండేది, తను నీళ్ళోసుకునే దాకా. ఇది డెబ్బై ఎనిమిదో సంవత్సరం సంగతి. ఏడో నెల రాగానే తల్లి సారమ్మ వచ్చి ఆళ్ళగడ్డకు తీసుకుపోతుంది. తొలికాన్పు కాబట్టి పుట్టింట్లోనే జరగాలి, బిడ్డకు మూడో నెల వచ్చేదాకా అక్కడే ఉండాలి. అన్నాళ్ళు ఈ మనిషి గొంతు వినకుండా ఎలా ఉండాలా అని ఆమెకు దిగులు పట్టుకుంది. ఆళ్ళగడ్డ ఇంట్లో ఫోను లేదు. ఉత్తరాలు రాయమందామా అంటే, సారు "ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను" అని రాసి ఆపైన పెన్ను కొరుక్కునే రకం. ఆయనలో ఉన్న ప్రేమంతా గొంతులోనే ఉంది. పెళ్ళిచూపుల్లో కూడా సలోమి ఆయన ముఖం సరిగ్గా చూడలేదు. వసారాలోంచి ఆయన మంచినీళ్ళు అడిగిన గొంతు విని సరే అనేసింది.

"దిగులెందుకే?" అన్నాడు ప్రభుదాసు. "మీ అమ్మ కాడ రేడియో ఉండాది కదా. షార్ట్‌వేవ్‌లో ఆదివారం మధ్యాహ్నం నేను సుందరరాజన్నతో మాట్లాడేది పట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ళకు కబుర్లు చెప్పేదానికి మా లైసెన్సు ఒప్పుకోదు. వినేవాళ్ళ చెవులు మూయమని మాత్రం యాడా రాయలేదు."

నిజమో కాదో చూద్దామని ఒక ఆదివారం సలోమి ఆళ్ళగడ్డ పోయి, తల్లి రేడియోకు చెవి ఆనించి కూర్చుంది. సారు ముల్లు ఎక్కడ నిలపాలో ముందే పెన్సిలుతో గీత గీసి ఉంచాడు. గంటసేపు విన్నా బజ్జీలు వేగే చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. మధ్యలో సుందరరాజు గొంతు రెండు ముక్కలు వినపడింది గానీ తనవాడి గొంతు లేనే లేదు. తిరుగు బస్సులో శిరివెళ్ల దాకా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చింది. అది విన్న సారు ఆ రాత్రే శపథం పట్టాడు, యాంప్లిఫయర్ కట్టి తీరతానని. గొంతును పదింతలు చేసి పంపే పెట్టె అది.

పెట్టెలో అన్నీ కుదిరాయి గానీ కాయిల్ ఒక్కటి కుదరలేదు. కాయిలంటే లావుపాటి రాగితీగను దేనిమీదనైనా చుట్టలుగా చుట్టి నిలబెట్టాలి. ఆ చుట్టే దాన్ని బాబిన్ అంటారు. అందులోంచి పోయే శక్తికి బాబిన్ వేడెక్కిపోతుంది. మొదట చెక్కతో చేశాడు, అది పొగలు కక్కింది. తర్వాత ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టాడు, అది ఎండకు వాడిన వంకాయలాగా వంగిపోయింది. ఏరియల్‌కు బదులు ఒక బల్బు తగిలించి చూసేవాడు. శక్తి సరిగ్గా వస్తే బల్బు వెలగాలి. వెలగాల్సిన బల్బు వెలగదు గానీ వెలగకూడని బాబిన్ వెలిగేది.

ఇలా ఉండగా ఒకనాడు బడి నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా కేకేశాడు.

"సలోమీ! దొరికింది! ఫ్యాక్టరీల్లో దీన్ని దేంతో చేస్తారనుకుంటివి? బలపం రాయితో!"

సలోమి నోట్లో నీళ్ళూరాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కడుపుతో ఉన్నవాళ్ళకు రకరకాల యావ పుడుతుంది. ఒకరికి మామిడికాయ, ఒకరికి మట్టిబెడ్డ. సలోమికి బలపం. పలకమీద రాసుకునే బలపమే. భర్త బడిపంతులు కావడంతో ఇంట్లో వాటికి కరువు లేదు. పొద్దున పిండి రుబ్బుతూ ఒకటి, మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఒకటి కొరికేసేది. నాలుగో నెలలో ఆసుపత్రిలో డాక్టరమ్మ రెప్పలు లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు. బలపం మానకపోతే నేను మందిచ్చి దండగ" అని గట్టిగా చెప్పింది. అప్పటినుంచి సారు రోజూ సాయంత్రం, హోంవర్కు చూసినట్టు, "యాదీ, నాలుక చూపీ" అనేవాడు. తెల్లగా ఉంటే ఆ పూట పాఠం ఒక గంట. చివరికి సలోమి ఆయన చేతిలో చెయ్యేసి ఇంక ముట్టనని మాటిచ్చింది. మాటిచ్చిన మనిషి నాలుక చూడటం మర్యాద కాదని ఆయన ఆ పరీక్ష మానేశాడు. అంత మంచి మనిషి. ఆ మంచితనంతోనే, తనేం చేస్తున్నాడో తెలియకుండా, ఇప్పుడు బలపం రాయిని ఇంటికి తేబోతున్నాడు.

ఆళ్ళగడ్డలో సారమ్మ ఇంటి పక్కనే గురుస్వామి అనే శిల్పి పనిచేసుకునే పాక. దేవుళ్ళ విగ్రహాలు చెక్కడంలో చెయ్యి తిరిగినవాడు. ఇద్దరూ కలిసే వెళ్ళారు. సారు గీసుకొచ్చిన బొమ్మను గురుస్వామి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏ దేవుడప్పా ఇది? తల ల్యా, చేతులు ల్యా. కాళ్ళు మాత్రం నాలుగుండాయి."

"దేవుడు కాదన్నా, బాబిన్. కాళ్ళు విడిగా చెయ్యి, నేను బిగించుకుంటా. దీనికి కాళ్ళే ముఖ్యం. తీగ కింద రేకుకు దగ్గరయిందంటే నిప్పులు రాల్తాయి."

"బలపం రాయి ఎందుకు? మెత్తన. నల్లరాయైతే వెయ్యేండ్లుంటాది."

"నల్లరాతిలో ఇనుముంటాది, వేడెక్కుతాది. దీనికి వేడీ అంటదు, కరెంటూ అంటదు."

"మాకు పిల్లప్పుడు చెయ్యి తిరిగేదానికి ఇచ్చే రాయప్పా ఇది" అని నవ్వుకుంటూనే గురుస్వామి ఒప్పుకున్నాడు. తీరా పని మొదలుపెట్టాక మాత్రం నవ్వలేదు. తీగ కూర్చునే గాడి బాబిన్ చుట్టూ ఒకే వాటంగా తిరుగుతూ పోయింది. కాళ్ళు నాలుగూ కవల పిల్లల్లాగా వచ్చాయి. సలోమి ఒక పక్కన కూర్చుని ఉలి కింద రాలుతున్న తెల్లటి చెక్కులను చూస్తూ ఉండిపోయింది. లేచేటప్పుడు సారు, "బాబిన్ విరిగితే అతికేదానికి పనికొస్తాయి" అని ఆ చెక్కుల్లో పెద్దవి ఏరి సంచి నింపాడు. ఆ సంచిని భార్య చేతికే ఇచ్చాడు.

రాతిలో ఉన్న తడి పోవాలి. నంద్యాలలో గౌస్ బేకరీలో బన్నులు తీసేశాక పొయ్యి వేడి ఊరికే పోతుంటుంది. సారు పళ్ళెం నిండా రాతిముక్కలు పట్టుకొస్తే గౌస్ కళ్ళు పెద్దవి చేశాడు.

"పెట్టండి సార్, పెట్టండి. పైన గుడ్డు పూయాల్నా, వద్దా?"

అలా రోజంతా కాలి ఇంటికొచ్చిన బలపం వాసన ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పి లాభం లేదు. ఎండిన నేలమీద తొలివాన పడ్డప్పటి వాసన అది, దానికి తోడు కాస్త రొట్టె వాసన. సారు అన్నిటినీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటక మీద ఎక్కించాడు. ఆ పొగల పరీక్షల్లో గొంతును పెంచే గాజుబుడ్డి, అదే వాల్వు, మాడిపోయింది, మద్రాసు నుంచి కొత్తది రావాలి. అది వచ్చేదాకా వాటితో పని లేదు.

వాల్వు రావడానికి నెల పట్టింది. సలోమి అటక ఎక్కడానికి ఒక పూట పట్టింది.

మొదట ఒక చెక్కు. డబ్బా నిండా ఉన్నాయి కదా, ఒకటి పోతే ఏం అనుకుంది. కరకరమని విరిగి నాలుక మీద వెన్నలాగా కరిగిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి. ఆ సుఖం ముందు డాక్టరమ్మ ఎవరు, రక్తం ఎవరు. తిన్నాక మాత్రం ఏడుపొచ్చింది, చేతిలో చెయ్యేసి చెప్పిన మాట గుర్తొచ్చి. నోరు పుక్కిలించి, నాలుక చింతపండుతో తోముకుంది. రేపటినుంచి లేదు అనుకుంది. రేపు కూడా అదే అనుకుంది. వారం పదిరోజుల్లో చెక్కులయిపోయాయి. ఆ తర్వాత డబ్బాలో మిగిలింది బాబిన్, నాలుగు కాళ్ళు. బాబిన్ పెద్దది, కొరుకుడు పడదు. కాళ్ళు వేలంత ఉన్నాయి. ఒక కాలిని వాసన చూసి పెట్టేసింది. మర్నాడు ఊరికే నాకి పెట్టేసింది. మూడోనాడు పెట్టలేదు.

వాల్వు వచ్చిన శనివారం సారు పాట పాడుకుంటూ డబ్బా దించాడు. సోమవారం సారమ్మ వస్తుంది, కూతురిని తీసుకుపోతుంది. ఆలోపు బిగించి చూడాలి. మూత తీశాడు. పాట ఆగిపోయింది. బాబిన్ ఉంది. కాళ్ళలో ఒకటే ఉంది, అదీ సగం.

వంటింటి గడపలో నిలబడి సలోమి అది చూసింది. తను తిన్నది ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమయింది. ఆళ్ళగడ్డలో తనకు వినపడాల్సిన గొంతునే ముక్కలు చేసుకుని తినేసింది. ఇప్పుడు మళ్ళీ గురుస్వామి దగ్గరికి పోయి చేయించే వ్యవధి లేదు. తను వెళ్ళాక చేయించుకున్నా, పక్కన నిలబడి వెలిగిందో లేదో చూసుకోకుండా ఏ నమ్మకంతో పోవాలి?

సారు ఆ సగం ముక్కను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. పంటిగాట్లు స్పష్టంగా ఉన్నాయి.

"ఎలుక" అన్నాడు.

"ఎలుకే" అంది సలోమి, ఆయన వైపు చూడకుండా.

ఆయన పక్కింటి నుంచి ఎలుకబోను అడిగి తెచ్చి, ఎండుచేప ముక్క గుచ్చి అటక మీద పెట్టాడు. చిత్రం, సాయంత్రానికి నిజంగానే ఒక ఎలుక పడింది. పాపం అది పుట్టినప్పటినుంచి బలపం మొహం చూసి ఉండదు. "చూడు, తప్పు చేసినోళ్ళు యాడికి పోతారు" అని సారు దాన్ని సలోమికి చూపించి, వీధి చివర వదిలిపెట్టి వచ్చాడు. సలోమి సిగ్గుతో నేలలోకి కుంగిపోయింది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. నోట్లోంచి మాట బదులు ఏడుపు వచ్చేలా ఉంటే మూసేసింది.

నోటితో చెప్పలేనిదాన్ని చేత్తోనైనా సరిచేయాలనిపించి ఇల్లంతా వెతికింది. వేడి అంటకూడదు, కరెంటు అంటకూడదు, బరువు ఆపాలి. గాజు గ్లాసు తీసి పెట్టేసింది, వేడికి పగులుతుందని. చివరికి ట్రంకుపెట్టె అడుగున చీరల మధ్య చుట్టి పెట్టుకున్న పెళ్ళినాటి పింగాణీ కప్పులు తీసింది. పాస్టరుగారు వస్తే తప్ప బయటికి రాని కప్పులవి. రెండు తెచ్చి ఆయన ముందు బోర్లించింది.

"వీటిమీద నిలబడదా?"

సారు ముందు కప్పుల వంక చూశాడు, తర్వాత ఆమె వంక. "మే సలోమీ! కరెంటు స్తంభాల మీద పెట్టేది కూడా పింగాణీనే కదా! నాకు తోచనేల్యా!" అని ఎగిరి గంతేశాడు.

బాబిన్‌ను తీగ చుట్టలతో సహా రెండు కప్పుల మీద అడ్డంగా పెట్టి, నూలుదారంతో పిడులకు కట్టారు. చూస్తే టీ తాగడానికి కూర్చున్న యంత్రంలాగా ఉంది. ఏరియల్ తీసేసి బల్బు తగిలించాడు. స్విచ్ వేశాడు. నిప్పులు రాలలేదు. పొగ రాలేదు. మీట మెల్లగా తిప్పుతుంటే బల్బులో తీగ ఎర్రబడింది, పసుపెక్కింది. సారు మైకు దగ్గరికి వంగి, "హలో" అన్నాడు. బల్బు భగ్గుమని తెల్లగా వెలిగి మళ్ళీ పసుపుకు దిగింది. మళ్ళీ హలో అన్నాడు, మళ్ళీ వెలిగింది.

"నా పేరు చెప్పు" అంది సలోమి.

చెప్పాడు. ముందుగదంతా వెలుగయింది. సలోమి రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వుతూ ఏడ్చేసింది. బల్బు వెలగడం వేరు, ఆళ్ళగడ్డకు చేరడం వేరని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూట ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

సోమవారం సారమ్మ వచ్చింది, మంగళవారానికి సలోమి పుట్టింట్లో ఉంది. ఆదివారం ఎప్పుడొస్తుందా అని కూర్చుంది. ఆదివారం చర్చి కాగానే అన్నం కూడా తినకుండా రేడియో ముందేసుకుంది. పక్కింటి గురుస్వామి, "నేను చెక్కిన దేవుడు పలుకుతాడో లేదో చూడాల" అని ఒంటినిండా రాతిపొడితో వచ్చి గడపలో కూర్చున్నాడు. పెన్సిలు గీత మీద ముల్లు నిలిపారు. బజ్జీలు వేగుతున్నాయి. ఎక్కడో హిందీ వార్తలు వచ్చి పోయాయి. ఎవరో దూరాన పాట పాడారు. మళ్ళీ బజ్జీలు.

"కూడు చల్లారిపోతాంది లెయ్ మే" అంది సారమ్మ. సలోమి లేవలేదు. ఆ తిన్న కాళ్ళే గనక ఉండి ఉంటే అని లోపల కుమిలిపోతోంది. కప్పులు పగిలాయేమో. దారం కాలిందేమో. తన నోరే తన చెవులను ఇలా చేసిందని తిట్టుకుంటోంది.

అంతలో రేడియో గొంతు సవరించుకుంది.

"సుందరరాజన్నా, సుందరరాజన్నా. నంద్యాల ప్రభుదాసు పిలుస్తాండాడు. ఎట్లా వినపడతాంది?"

గదిలోనే నిలబడి అడిగినట్టు వచ్చింది. సారమ్మ ఉలిక్కిపడి, అల్లుడు ఇంట్లోకి వచ్చాడనుకుని కొంగు సర్దుకుంది. సలోమి కడుపు మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంక ఏమైనా ఫరవాలేదు అనిపించింది ఆమెకు.

"అయ్యో దేవుడా, చెవు పగులుతాందప్పా!" గుంతకల్లు పెద్దాయన కేకేశాడు. "బాయిలోంచి బయటికి వచ్చినావే! ఏం చేసినావ్?"

"యాంప్లిఫయర్ కట్టినా అన్నా."

"కాయిల్ దేనిమీద నిలబెట్టినావ్? బలపం రాయి కాళ్ళు చేయించినా అంటివే, అవేనా?"

"కాదన్నా. రెండు పింగాణీ కప్పులు బోర్లించినా. కాళ్ళను ఎలుక తినేసింది."

"రాయి తినే ఎలుక యాడుందప్పా లోకంలో?"

"మా ఇంట్లోనే ఉండేదన్నా. దానికిప్పుడు ఏడో నెల. మొన్ననే పుట్టింటికి పోయింది."

గురుస్వామి గడపలో పడీ పడీ నవ్వాడు. సారమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని కూతురి వైపు తిరిగింది. సలోమి తల ఎత్తలేదు. అంటే ఈయనకు మొదటినుంచీ తెలుసు. తెలిసి తెలిసి ఎండుచేప గుచ్చాడు, తెలిసి తెలిసి ఆ పాపిష్టి ఎలుకను తెచ్చి చూపించాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు.

"ఎలుక పుట్టింటి పక్కనే శిల్పి పాకన్నా" అని రేడియో ఇంకా చెబుతోంది. "ఆడ బలపం రాయి గుట్టగా పడి ఉండాది. డాక్టరమ్మ వద్దనింది. మా అత్త గట్టిది, చూసుకుంటాదిలే. నేనేం కబురు పంపడంల్యా, నీతోనే చెప్తాండా."

"నాతోనే చెప్పు, నాతోనే చెప్పు" అన్నాడు సుందరరాజు నవ్వుతూ. "ఇంకేం సంగతులు?"

రేడియోలో బజ్జీలు వేగాయి. పోయిందేమోనని సలోమి రేడియోకు దగ్గరగా జరిగింది.

"ఏముండాయన్నా" అన్నాడు ప్రభుదాసు. ఆ గొంతు అంత మెల్లగా మాట్లాడటం సలోమి ఎప్పుడూ వినలేదు. "అది ఉన్నన్నాళ్ళూ, నేను ఈ పెట్టె ముందర కూర్చుంటే చాలు, కట్టేయ్ లెయ్, కూడు తిను అని సతాయించేది. ఇప్పుడు ఎంతసేపు కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడొచ్చు. బాలేదన్నా. అస్సలు బాలేదు."

ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. సారమ్మ నడుము మీద చేతులు తీసేసింది. సలోమి కళ్ళు తుడుచుకుని, రేడియో గుడ్డకు నోరు ఆనించి, ఇంటి ముందుగదిలో అన్నట్టే గట్టిగా అంది.

"రెండు దాటింది. కట్టేయ్ ఇంక. లేచి కూడు తిను పో."

"అల్లునికి వినపడదు కదే పిచ్చిమొగమా" అంది సారమ్మ.

"తెలుసు మా" అంది సలోమి.

రేడియోలో కుర్చీ కిర్రుమన్న చప్పుడయింది. "సరే అన్నా, ఉంటా" అన్నాడు ప్రభుదాసు. "చానా పొద్దయింది. కూడు తినాల."

మళ్ళీ బజ్జీలు వేగే చప్పుడు మొదలయింది. సారమ్మ రేడియో ఆపబోతే, ఆయన చెయ్యి కడుక్కుని కూర్చునేదాకా ఉండనీ మా అని సలోమి ఆమె చెయ్యి పట్టుకుంది.